అడుగు కనిపించే నీళ్ళు

గట్టువారిలంక, రాజోలు దగ్గర
ఆగస్టు 19

శారోన్‌కి,

ఇన్నాళ్ళకు నా దగ్గర్నుంచి ఉత్తరం ఏమిటని నవ్వకు. మా ఇంట్లో ఫోన్ ఒకటే. అది ఆయన జేబులో ఉంటుంది. అది మోగిందంటే గోదావరిలో ఎవరో మునిగారని అర్థం. అందులో నీతో కబుర్లు చెప్పాలంటే నాకు నోరు రాదు. మీ క్వార్టర్సులో సిగ్నల్ కోసం గుట్ట ఎక్కాలన్నావు కాబట్టి నీకూ ఉత్తరమే నయం.

మా పెళ్ళికి వచ్చినప్పుడు నువ్వు ఆయన్ని చేపల వేటకు వెళ్ళే మనిషిగానే చూశావు. వేట ఇప్పటికీ ఉంది. కానీ ఈ చుట్టుపక్కల రేవుల్లో ఎవరు మునిగినా, తీయడానికి పిలిచేది గంగబాబునే, అంటే ఈయన్నే. మా మామగారు ముసలయ్య కూడా ఇదే చేసేవారు. డబ్బు ముట్టుకోరు. పోయిన మనిషి ఇంటివాళ్ళు ఒక కొత్త తువ్వాలు ఇస్తారు. అది మాత్రం కాదనకూడదు.

ఇప్పుడు అసలు సంగతి. కావ్యకి పదేళ్ళు నిండాయి. జూన్‌లో బడి తెరిచిన వారంలో ఒక పిల్ల దాన్ని అడిగిందట, "మీ నాన్న శవాల్ని పట్టుకున్న చేత్తోనే నీకు అన్నం పెడతాడా?" అని. ఆ రోజు నుంచి అది వాళ్ళ నాన్న చేతి ముద్ద తినడం మానేసింది. చేపలో ముళ్ళు ఎప్పుడూ ఆయనే తీసి పెట్టేవారు. ఇప్పుడు "అమ్మా, నువ్వు తియ్యి" అంటోంది. చేపల కూర వండిన రోజున ఆయన ఇంటికి ఆలస్యంగా వస్తున్నారు, అంతే.

నువ్వు పంపిన ఫోటో చూసి చాలా రోజుల తర్వాత అది ఆయన పక్కన కూర్చుంది. మీ పిల్లలిద్దరూ వాగులో మెడ లోతున నిలబడ్డారు కదా. "నాన్నా, నీళ్ళలోంచి కాళ్ళు కనిపిస్తున్నాయి చూడు" అంది. ఆయన ఫోటో తీసుకుని వెలుతురులోకి వెళ్ళి చూశారు. "అడుగు కనపడతంది" అన్నారు. మా గోదావరిలో, అందులోనూ వరదల్లో, మోచెయ్యి ముంచితే వేళ్ళు కనిపించవు.

దానికి ఈత రాదు. ఆయనే నేర్పలేదు. గట్టు మీద పుట్టిన పిల్లకి ఈత రాదంటే ఇక్కడ నవ్వుతారు. నవ్వనీ అంటారు.

ఆయన్ని ఎవరూ ఎరగని నీళ్ళలో, ఎవరినీ వెతకకుండా, కూతురు చూస్తుండగా ఆయన ఒక్కసారి ఊరికే ఈదాలి. నాకు అంతకంటే ఏమీ వద్దు. దసరా సెలవుల్లో ముగ్గురం వస్తాం. ఏమేం తెచ్చుకోవాలో రాయి. కొండ నీళ్ళ సంగతి మాకు తెలియదు.

సత్యవాణి


మారేడుమిల్లి
ఆగస్టు 30

ఒసేయ్ వాణీ,

వచ్చెయ్యండి. అడగడం ఏమిటి? గంగబాబు అన్నయ్యకి ఈత గురించి చెప్పేంతదాన్ని కాను గాని, చలి గురించి మాత్రం నర్సుగా చెబుతాను, వినండి.

మీ గోదావరి నీళ్ళు ఎండకు కాగి ఉంటాయి. ఇక్కడివి చెట్ల నీడన, రాళ్ళ సందుల్లోంచి వస్తాయి. దిగగానే ఊపిరి పట్టేస్తుంది. దూకకూడదు. ముందు పాదాలు, తర్వాత మోకాళ్ళు, తర్వాత ముఖం మీద నాలుగు దోసిళ్ళు. అసలు చలి నీళ్ళలో ఉండదు, ఒడ్డెక్కాక మొదలవుతుంది. పిల్లలు "నాకేం చలి లేదు" అంటూనే ఉంటారు, పెదాలు నేరేడుపండు రంగులో ఉంటాయి.

అందుకని సంచి సర్దడంలో ఒక పద్ధతి ఉంది. ఒడ్డెక్కగానే ఏది ముందు కావాలో అది అన్నిటికన్నా పైన ఉండాలి. పైన శాలువా, దాని కింద తువ్వాలు, తర్వాత పొడి చొక్కా, లాగు, అడుగున మేజోళ్ళు, ఉన్నిటోపీ. వణికే చేతులతో సంచంతా తిరగేస్తూ కూర్చోకూడదు. తువ్వాళ్ళు మనిషికి రెండు తే. మొదటిది తడిసి ముద్దవుతుంది, రెండోదే పనిచేస్తుంది. తడి బట్టలకు వేరే ప్లాస్టిక్ సంచి. పాత కాన్వాసు బూట్లు ఉంటే తే, రాళ్ళ మీద పాచి ఉంది. చెప్పులతో దిగి తుంటి విరగ్గొట్టుకుంటే కట్టు కట్టాల్సింది నేనే.

తాడు అన్నయ్య దగ్గర ఉంటుంది. ఈల నా దగ్గర ఉంది. ఎగువన వాన పడితే నీళ్ళ రంగు మారుతుంది, ఈల ఊదగానే అందరూ బయటికి రావాలి, వాదన లేదు. నీళ్ళ కళ్ళద్దాలు మా పెద్దవాడివి కావ్యకి సరిపోతాయి. తేలడానికి మనం చిన్నప్పుడు కాలవలో కట్టుకున్నట్టు ఎండు కొబ్బరికాయలు జత కట్టి తే. మా వాళ్ళు చూసి నవ్వుతారు, నవ్వితే నవ్వనీ.

ఫ్లాస్కు, అల్లం, నువ్వుండలు. రావులపాలెం మీదుగా వస్తూ ఆత్రేయపురం పూతరేకులు కొందామనిపిస్తుంది నీకు. కొనకు. వాగు గాలికే మెత్తబడి అప్పడాల పిండి అయిపోతాయి. ఇంట్లో తినడానికైతే రెండు పెట్టెలు కొను.

శారోన్


గట్టువారిలంక
అక్టోబరు 6

శారోన్,

మేము రాలేదని నీకు తెలుసు. ఎందుకు రాలేదో రాస్తాను.

నువ్వు చెప్పినట్టే సర్దాను. తువ్వాళ్ళ దగ్గర ఆగాను. ఇంట్లో వాడేవి మూడే, అందులో ఒకటి చిరిగింది. ట్రంకుపెట్టెలో మాత్రం దొంతర ఉంది. అన్నీ కొత్తవి, మడత విప్పనివి. మా మామగారి నాటివి కూడా ఉన్నాయి. వాటిని ఆయన వాడరు, ఎవరికీ ఇవ్వరు. ఆరు తీసి సంచిలో పెట్టాను.

ఆయన సంచి బరువు చూద్దామని ఎత్తారు. సంచి మూతి విప్పి చూశారు. శాలువా తీసి పక్కన పెట్టి, తువ్వాళ్ళు ఒక్కొక్కటీ బయటికి తీశారు. "ఇది లంకలో కాలేజీ కుర్రోడిది. ఇది పుష్కరాల రేవులో ముసలాయనది. ఇది పసిపిల్లది, ఆళ్ళమ్మ నా చేతిలో పెట్టింది." అలా ఆరింటికీ చెప్పారు. కోపంగా కాదు, మామూలుగానే. నేను వద్దనే లోపు కావ్య గుమ్మంలోకి వచ్చి నిలబడింది.

"పెట్టెలో ఉన్నవన్నీ మనుషులేనా నాన్నా?" అంది.

"అవునమ్మా" అన్నారు.

అది వెళ్ళిపోయాక నన్ను అడిగారు, "తెలవక పెట్టేవా?"

"తెలియకే" అన్నాను.

నీకు నిజం రాస్తాను. తెలిసే పెట్టాను. ఆ దొంతర పెట్టెలోంచి బయటికి పోవాలి, కొండ నీళ్ళలో తడిసి, ఎండలో ఆరి, మామూలు తువ్వాళ్ళు అయిపోవాలి అనుకున్నాను. ఇప్పుడు కావ్య ఆ పెట్టె ఉన్న గదిలో పడుకోనంటోంది.

అయినా బయల్దేరేవాళ్ళమే. మర్నాడు పొద్దున బస్సుకు బట్టలు కట్టుకుంటుంటే ఫోన్ మోగింది. ఆయన "ఆయ్... ఆయ్... ఏ రేవండీ? వత్తన్నానండి" అన్నారు. నా వైపు చూడలేదు. తాడు తీసుకుని వెళ్ళారు. అదే తాడు, మన వాగుకని సంచి పక్కన పెట్టింది.

మూడో రోజు తిరిగొచ్చారు. వేపాకు, పసుపు నీళ్ళతో పెరట్లోనే స్నానం చేసి, పక్కింటి అరుగు మీద పడుకున్నారు. అదొక పట్టింపు, తీసిన రోజున ఇంట్లోకి రారు. అప్పటికే కావ్య సంచి విప్పి, బట్టలన్నీ ఎక్కడివక్కడ పెట్టేసింది. ఏడవలేదు. అదే నాకు బాగోలేదు.

ఇక కార్తీకమాసం వస్తుంది. నెల పొడుగునా రేవుల్లో స్నానాలు. ఆయన ఇల్లు కదలరు.

వాణి


మారేడుమిల్లి
అక్టోబరు 20

వాణీ,

నాకు కోపంగా ఉంది, అందుకని కొంచెమే రాస్తాను.

ఆ జిల్లాలో నీళ్ళలో దిగడం తెలిసిన మనిషి ఒక్కడేనా? బోట్లు ఉన్నాయి, సిబ్బంది ఉన్నారు. అన్నయ్య నాలుగు రోజులు లేకపోతే గోదావరి ఎండిపోతుందా? బతికున్నవాళ్ళని కాపాడే పనైతే నేను నోరెత్తను. నేను చేసే ఉద్యోగమే అది. కానీ ఆయన వెళ్ళేసరికి ఆ మనిషి పోయి ఉంటాడు. పదేళ్ళ పిల్ల బతికి ఉంది, ఇంట్లో ఉంది, తండ్రి చెయ్యి చూసి భయపడుతోంది. ఎవరి దగ్గరికి ముందు వెళ్ళాలో ఎవరైనా ఆయనకి చెప్పారా?

మా ఊళ్ళో డిసెంబరులో వాన ఉండదు. నీళ్ళు అద్దంలా ఉంటాయి, చలి మాత్రం చంపేస్తుంది. క్రిస్మస్ అయిన మర్నాడు రండి. ఆ ఫోన్ ఇంట్లో వదిలి రమ్మను. మా ఆసుపత్రి నెంబరు ఈ కాగితం వెనక రాశాను. ఇల్లు కాలిపోతుంటే తప్ప దాన్ని వాడకు.

శారోన్


గట్టువారిలంక
డిసెంబరు 15

శారోన్,

నీ కోపం న్యాయమే. బోట్లూ సిబ్బందీ వస్తారు. వాళ్ళ పని వాళ్ళు బాగానే చేస్తారు. కానీ దూరం నుంచి రావాలి, చీకటి పడితే ఆపాలి. ఈలోగా కన్నవాళ్ళు గట్టు మీద నిలబడలేరు. మా ఇంటికొచ్చి అరుగు మీద కూర్చుంటారు. పిలవరు, ఏడవరు, కూర్చుంటారు. ఆయన లేచి తాడు అందుకునే దాకా కదలరు. అందుకే పిలుపు వచ్చే ఇంటికి తలుపు వేయకూడదని మామగారు పెట్టిన నియమం. నేను ఈ ఇంటికొచ్చిన దగ్గర్నుంచి గొళ్ళెం పడటం చూడలేదు. పెళ్ళిళ్ళకు కూడా ఒకరం ఆగిపోతాం. దసరాకి ముగ్గురం వస్తామనడం నా దురాశే.

కాబట్టి నేను ఆగిపోతున్నాను. తండ్రీ కూతురూ వస్తారు.

ఈ మాట చెప్పినప్పుడు ఆయన వల బాగుచేసుకుంటున్నారు.

"నువ్వు రాకపోతే ఇదంతా ఎవరి కోసమే?"

"నా కోసం కాదు. మీ కోసమూ కాదు. దాని కోసం."

"ఎవరైనా వత్తే?"

"శారోన్ ఆసుపత్రికి ఫోన్ చేస్తాను. వెంటనే బస్సెక్కి వద్దురు గాని."

"పిల్ల మీద ఒట్టెయ్యి."

వేశాను. అప్పుడు గాని ఫోన్ నా చేతిలో పెట్టలేదు. దాన్ని ఉప్పు జాడీ పక్కన పెట్టాను. వంట చేస్తున్నంతసేపూ దాన్నే చూస్తున్నాను.

ఈసారి సంచి కావ్య సర్దింది. రాజోలులో తువ్వాళ్ళు కొన్నాం, రంగులు కావ్యే ఎంచింది. "పైన శాలువా, దాని కింద తువ్వాలు, దాని కింద చొక్కా" అని ఎక్కంలా చదువుతోంది. ఆయన సంచి మాత్రం నన్ను సర్దమంది. కొబ్బరికాయలు ఆయనే ఏరి, తొడిమలకు కొబ్బరి తాడు వేసి జత కట్టారు. దాని చంకల కొలత చూడాలి కదా. కావ్య చేతులు రెండూ పైకెత్తి నిలబడింది. ఆయన దాన్ని తాకకుండా తాడును గాలిలోనే పట్టుకుని కొలత తీశారు.

క్రిస్మస్ మర్నాడు సాయంత్రానికి దిగుతారు. చూసుకో.

వాణి


మారేడుమిల్లి
డిసెంబరు 30

వాణీ,

వీళ్ళను బస్సెక్కించే ముందు ఇది రాసి కావ్య సంచిలో పెడుతున్నాను. రాత్రికి నీ చేతిలో ఉంటుంది.

మొదటి రోజు అన్నయ్య మడుగు దగ్గరికి రాగానే వెదురు గడ కోసుకుని లోతు చూడటం మొదలుపెట్టారు. ఎక్కడ ఎంత లోతు, ఎక్కడ లాగుడు, ఎక్కడ రాయి కింద గుల్ల ఉంది, అన్నీ చూసి పిల్లలు దాటకూడని చోట తాడు కట్టారు. తర్వాత రాయి మీద కూర్చున్నారు. అంతే, సాయంత్రం దాకా అక్కడే. కావ్య చంకల్లో కొబ్బరికాయలతో మోకాలి లోతున నిలబడింది. మా వాళ్ళు "ఇదుగో కొబ్బరి తోట వచ్చింది" అని ఏడిపించారు. "మీ ఊళ్ళో ఒక్క చెట్టు కూడా లేదుగా, అందుకే తెచ్చేను" అంది. నీ కూతురే.

రెండో రోజు నడుము లోతుకు వెళ్ళింది. "నాన్నా, నువ్వు దిగవా?" అని అడిగింది.

"నేను ఊరికే దిగనమ్మా. దిగితే ఎవరో ఒకరు ఉండాలి" అన్నారు.

"నేనున్నాను కదా" అంది.

ఆయన ఆ మాటకి లేవలేదు. నేను టీ పోస్తుంటే మా అటెండరు ఏదో పని మీద బండి వేసుకుని వచ్చి పైనుంచి పిలిచాడు. ఎక్కి వెళ్ళి మాట్లాడి వచ్చేసరికి రాయి మీద మనిషి లేరు.

నీళ్ళలో చప్పుడే లేదు వాణీ. మా పిల్లలు దిగితే వాగంతా అల్లరి. ఆయన ఈ చివర మునిగి ఆ చివర తేలారు, మధ్యలో ఒక్క అల లేదు. కావ్య కళ్ళద్దాలు పెట్టుకుని ముఖం నీళ్ళలో ముంచి చూస్తోంది. తల ఎత్తి నాతో చెప్పింది, "అత్తా, నాన్న కళ్ళు మూసుకున్నాడు."

ఆయన తేలగానే అడిగింది, "కళ్ళెందుకు మూసుకున్నావు?"

"అలవాటమ్మా. గోదాట్లో తెరిచినా కనపడదు, ఇసక పడద్ది. చేతుల్తోనే చూసుకోవాలి."

"ఇక్కడ కనిపిస్తుంది కదా. తెరువు."

ఆయన ముఖం మీది నీళ్ళు తుడుచుకున్నారు. "తెరిత్తే ఏదో ఒకటి కనపడద్దేమోనని" అన్నారు.

అది తన కళ్ళద్దాలు తీసి ఆయన తలకు పెట్టబోయింది. పట్టీ చాల్లేదు. మళ్ళీ తనే పెట్టుకుని, ఆయన చెయ్యి చూసింది. చూసి, రెండు వేళ్ళు పట్టుకుంది. "నేను చూసి చెప్తాను, నువ్వు రా" అని నీళ్ళలో నడిపించుకుంటూ తీసుకెళ్ళింది. ముఖం ముంచడం, ఎత్తి చెప్పడం. "రాయి. ఇసక. ఇదిగో చిన్న చేప. ఆకు. రాయి." మడుగు ఈ చివర నుంచి ఆ చివర దాకా అలాగే. చివరికి అంది, "ఇక్కడ ఎవరూ లేరు నాన్నా. నేను మొత్తం చూసేను."

అప్పుడు తెరిచారో లేదో నేను చూడలేదు. నేను సంచిలోంచి శాలువా తీస్తున్నాను.

మూడో రోజు పిల్ల కొబ్బరికాయలు లేకుండా నాలుగు బారలు ఈదింది. ఆయన చేతులు దాని పొట్ట కిందే ఉన్నాయి.

శారోన్


గట్టువారిలంక
జనవరి 3

శారోన్,

నీ ఉత్తరం చాలాసార్లు చదివాను. అందులో లేని మాట కోసం కూడా వెతికాను. అడిగే ముందు ఇక్కడ జరిగింది చెబుతాను.

వాళ్ళు బస్సెక్కిన మర్నాడు పొద్దున ఫోన్ మోగింది. ఎత్తలేదు. ఒక గంటకు వీరాయమ్మ వచ్చింది. పక్క లంకలో ఉంటుంది, కూలికి వెళ్ళే మనిషి. కొడుక్కి పంతొమ్మిదేళ్ళు. స్నేహితులతో రేవులో దిగాడు, తేలలేదు. ఆమె అరుగు మీద కూర్చుంది. నేను బయటికి వెళ్ళి, "ఆయన పని మీద విశాఖ వెళ్ళేరు, ఫోన్ ఇక్కడే మర్చిపోయేరు" అన్నాను. అప్పటికి కావ్య నీళ్ళలో దిగి కూడా ఉండదు. పిల్ల మీద వేసిన ఒట్టు గుర్తుంది. గుర్తుండే అన్నాను.

వీరాయమ్మ లేవలేదు. "వత్తాడులే. కూకుంటాను" అంది. రేవులో బోటు వాళ్ళు వెతుకుతున్నారు. అన్నం పెడితే ముట్టలేదు. చాప వేస్తే పడుకోలేదు. తలుపు తెరిచే ఉంది కదా, నేను ఎటు తిరిగినా ఆమెకు కనిపిస్తున్నాను, ఆమె నాకు కనిపిస్తోంది. పొయ్యి వెలిగించడానికి కూడా సిగ్గేసింది.

రెండో రోజు మధ్యాహ్నం అడిగింది, "పిల్ల కనపడదేమ్మా? బడికి సెలవులు కదా?"

నా నోట అబద్ధం రాలేదు. "వాళ్ళ నాన్నతో కొండల్లోకి వెళ్ళింది. ఈతకి."

వీరాయమ్మ నన్ను తిట్టలేదు. "నా కొడుకూ ఈతకే ఎల్లేడమ్మా" అంది.

లోపలికొచ్చి మీ ఆసుపత్రికి ఫోన్ చేశాను. అటెండరు ఎత్తాడు. అంతా చెప్పాను. "ఆయ్, సిస్టరుగారు వాగు దగ్గరున్నారండి, నేనే ఎళ్ళి చెప్తానండి" అన్నాడు. మళ్ళీ నేను చేయలేదు. సాయంత్రం బస్సుకు వస్తారని చూశాను. రాలేదు.

మూడో రోజు తెల్లవారాక దిగువన వేటకు వెళ్ళినవాళ్ళ వలలో తగిలాడు. వీరాయమ్మ లేచి వెళ్ళింది. వెళ్తూ నా వైపు చూడలేదు.

ఆ మర్నాడు వీళ్ళు వచ్చారు. చేపల కూర వండాను. కావ్య ఆయన పక్కన కూర్చుంది. వాగు గురించి చెబుతూ చెబుతూ ఆయన ముళ్ళు తీసిన ముద్దకు నోరు తెరిచింది. తను ఏం చేసిందో దానికే తెలియలేదు. ఆయన ఇంకో ముక్కలో ముళ్ళు తీయడం మొదలుపెట్టారు. నేను గరిటె పట్టుకుని నిలబడ్డాను.

అప్పుడు తల ఎత్తకుండానే అడిగారు, "ఎవరైనా వచ్చేరా?"

"లేదు" అన్నాను.

నీ ఉత్తరంలో అటెండరు ఏదో పని మీద వచ్చాడని రాశావు. ఏ పని శారోన్? వాడు చెప్పాడా, చెప్పలేదా?

వాణి


మారేడుమిల్లి
జనవరి 9

వాణీ,

చెప్పాడు. పేరు, రేవు, ఎన్నాళ్ళయిందీ, అన్నీ కాగితం మీద రాసుకుని వచ్చి నా చేతికిచ్చాడు.

అన్నయ్యకు చెబుదామనే దిగాను. సాయంత్రం బస్సుకు ఇంకా టైముంది. దిగేసరికి ఆయన నీళ్ళలో ఉన్నారు, నేను నోరు తెరిచే లోపు కావ్య ఆయన వేళ్ళు పట్టుకుంది. ఒడ్డెక్కాక చెబుదామనుకున్నాను. ఒడ్డెక్కాక టీ తాగాక అనుకున్నాను. టీ తాగాక ఆయన నాతో అన్నారు, "శారోనమ్మా, దీని చేతులు ఎంత చిన్నవో మర్చిపోయేను" అని. ఇక నేను చెప్పలేదు.

రోజూ ఆసుపత్రిలో ముందు ఎవర్ని చూడాలో తేల్చడమే నా పని. పోయినవాడికి తొందర లేదు, బతికున్నదానికి ఉంది. అలాగే తేల్చాను. అరుగు మీద ఒక తల్లి కూర్చుని ఉందని కాగితంలో లేదు. ఉంటే చెప్పేదాన్నా? నీకు అబద్ధం రాయను, తెలియదు.

నీ ఒట్టు ఆలస్యమైనా నువ్వు నిలుపుకున్నావు. ఆపింది నేను. ఎవరో ఒకరి నోట ఆయనకు తెలుస్తుంది. అప్పుడు నా పేరు చెప్పు. నేను ఇక్కడ ఉన్నాను, నాకు పోయేదేమీ లేదు. ఆయనతో ఒకే ఇంట్లో ఉండాల్సింది నువ్వు.

శారోన్


గట్టువారిలంక
జనవరి 24

శారోన్,

నీ ఉత్తరం చదివి పొయ్యిలో పెట్టాను.

ఆయనకు తెలిసింది. రేవు దగ్గర టీ కొట్లో రామ్మూర్తి, "వీరాయమ్మ రెండ్రోజులు మీ అరుగు మీదే ఉంది కదా గంగబాబూ, ఎక్కడికెళ్ళిపోయేవు?" అని అడిగాడట. ఆయన ఇంటికి రాలేదు. పడవ వేసుకుని వీరాయమ్మ ఇంటికి వెళ్ళారు. అక్కడ ఏం మాట్లాడుకున్నారో నాకు చెప్పలేదు.

వచ్చాక గుమ్మంలోనే నిలబడ్డారు.

"ఎవరూ రాలేదన్నావు."

"అన్నాను."

"శారోనమ్మకి ఫోన్ చేసేవా?"

చేశానంటే తర్వాతి ప్రశ్న నీ గురించే. ఆ తర్వాత మీ వాగు ఉండదు, మీ పిల్లలుండరు. దాని చేతులు ఎంత చిన్నవో అన్న ఆ మధ్యాహ్నం కూడా ఆయనకి వీరాయమ్మ కొడుకు చావు కిందికి పోతుంది. వెనక గదిలో కావ్య చదువుకుంటోంది.

"చెయ్యలేదు" అన్నాను.

"పిల్ల మీద ఒట్టేసి కూడా?"

"ఆయ్."

ఆయన ఉప్పు జాడీ పక్కనున్న ఫోన్ తీసి జేబులో వేసుకున్నారు. "ఇకమీద ఎక్కడికెల్లినా ఇది నాతోనే ఉంటది. ఇంటి కాడ నువ్వుంటావు" అన్నారు. కేకలేమీ లేవు. కేకలేస్తే బాగుండేది. అప్పటి నుంచి నేను వడ్డిస్తే తినడం లేదు. కూర తనే వేసుకుంటారు, నీళ్ళు తనే ముంచుకుంటారు. నా మీద చాడీ ఎవరి దగ్గరా చెప్పలేదు. వీరాయమ్మ నాలుగుసార్లు గట్టు మీద ఎదురైంది. ఆమె పక్కకు తప్పుకోదు, నేనే తప్పుకుంటున్నాను.

నువ్వు ఆయనకి ఉత్తరం రాద్దామనుకుంటావు. రాయకు. నాకు నువ్వు చెయ్యగలిగింది అదొక్కటే.

కావ్య బాగుంది. పెట్టె ఉన్న గదిలోనే పడుకుంటోంది. నిన్న అన్నం దగ్గర వేసవి సెలవుల్లో మళ్ళీ వాగుకి వెళ్దామంది. ఆయన ముల్లు తీసి, ముద్ద దాని నోట్లో పెట్టి, "ఎల్దాం" అన్నారు.

అది నమిలి మింగి, లెక్క వేసుకుంది. "మనిద్దరికే కదా నాన్నా, ఒక సంచి చాలు."

"చాలమ్మా" అన్నారు.

నీ
వాణి